పంచ్ ఈవీ: ఏ బ్యాటరీ, ఏ చార్జర్, ఏ వేరియంట్? హనుమకొండ నుంచి ఏడాది అనుభవం

నేను ములుగు దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఇల్లు హనుమకొండలో, గోపాలపూర్ వైపు. రానూ పోనూ రోజుకు నూరు కిలోమీటర్లు. తొమ్మిదేళ్లు బస్సులోనూ, తోటి ఉపాధ్యాయులతో కలిసి మాట్లాడుకున్న అద్దె కారులోనూ తిరిగిన తరువాత, 2024 డిసెంబరులో టాటా పంచ్ ఈవీ కొన్నాము. పెద్ద బ్యాటరీ, చిన్న చార్జర్, నడిమి వేరియంట్ తీసుకుని సన్‌రూఫ్ వద్దనుకున్నాము. ఈ నాలుగు నిర్ణయాలకు మా వారికీ నాకూ రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మీటరులో 24 వేల కిలోమీటర్లు దాటాయి కనుక, వాటిలో ఏది మాకు కలిసివచ్చిందో, ఎవరికి ఏది నప్పుతుందో కొంత నమ్మకంగా చెప్పగలననుకుంటున్నాను. విద్యుత్ కారులో ఏ ఆప్షన్ తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు షోరూంలో దొరకదు. ఇంట్లో కరెంటు మీటరు దగ్గరా, మనం రోజూ పోయే దారి మీదా దొరుకుతుంది. ఈ సంగతి తెలియడానికే మాకు ఆ రెండు నెలల్లో సగం గడిచిపోయింది.

ముందు బండి సంగతి. పంచ్ ఈవీ 2024 జనవరిలో విడుదలైంది. మేము కొన్న నాటికి ఇందులో 25 యూనిట్ల బ్యాటరీ ఒకటి, 35 యూనిట్ల బ్యాటరీ ఒకటి ఉండేవి. కంపెనీవారు కిలోవాట్ అవర్ అని రాసేది మన కరెంటు బిల్లులోని యూనిట్‌నే. కాబట్టి 35 యూనిట్ల బ్యాటరీ అంటే నిండా పట్టిస్తే 35 యూనిట్ల కరెంటు నిలవ ఉండేదని అర్థం చేసుకుంటే చాలు. వేరియంట్లు స్మార్ట్, స్మార్ట్ ప్లస్, అడ్వెంచర్, ఎంపవర్డ్, ఎంపవర్డ్ ప్లస్ అని ఐదు. పెద్ద బ్యాటరీ అడ్వెంచర్ నుంచి పైవాటికే ఉండేది. విడుదలైనప్పుడు అన్నిటికన్నా కింది వేరియంట్ ధర 10 లక్షల 99 వేలు, పెద్ద బ్యాటరీ ఉన్న అడ్వెంచర్ 12 లక్షల 99 వేలు, అదే బ్యాటరీతో ఎంపవర్డ్ ప్లస్ 14 లక్షల 49 వేలు. సన్‌రూఫ్ కావాలంటే 50 వేలు, 7.2 కిలోవాట్ల వేగపు చార్జర్ కావాలంటే మరో 50 వేలు అదనం. ఆ తరువాత పండుగల తగ్గింపులతో ధరలు మారుతూ వచ్చాయి కానీ, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఉన్న తేడాను చూడడానికి ఈ తొలి ధరలే అనుకూలం. ఆరు ఎయిర్‌బ్యాగులూ, బండి జారకుండా పట్టి ఉంచే ఈఎస్‌పీ అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. 2024 జూన్‌లో, కార్లను ఢీకొట్టించి భద్రతను తేల్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో దీనికి 5 స్టార్లు వచ్చాయి. ప్రాణరక్షణ కోసం పై వేరియంట్‌కు పోవలసిన పని లేకపోవడమే మేము ఈ బండి వైపు మొగ్గడానికి మొదటి కారణం.

ఇక బ్యాటరీ. బ్రోచర్‌లో చిన్న బ్యాటరీకి 315 కిలోమీటర్లు, పెద్దదానికి 421 కిలోమీటర్లు అని ఉండేది. ఆ అంకెలు పరీక్షశాలలో ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తేల్చినవి. మన రోడ్డు మీద, ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని నడిపితే అన్ని రావు, వస్తాయని ఆశపడకూడదు కూడా. నేను నెలనెలా నోటు పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం, ములుగు రోడ్డులో 60, 70 వేగంతో పోతే యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లకు పైగా వస్తున్నది. 80కి చేరితే ఏడున్నర, 100 దగ్గర నిలకడగా నడిపితే ఆరున్నరకు పడిపోతున్నది. వేగం పెరిగే కొద్దీ గాలి ఎదురొత్తిడి అంతకంత పెరుగుతుంది కాబట్టి, పెట్రోలు బండికి భిన్నంగా, ఈ బండి ఊరిలో తక్కువ కరెంటు తాగి హైవే మీద ఎక్కువ తాగుతుంది. హనుమకొండ చౌరస్తాలో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు, కాలు తీసిన ప్రతిసారీ మోటారు తిరిగి బ్యాటరీకే కొంత కరెంటు పంపిస్తుంది. స్టీరింగు వెనుక ఉన్న మీటలతో ఆ పట్టును ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు. మొత్తం మీద సగటు ఏడున్నర అనుకుంటే పెద్ద బ్యాటరీకి 260, చిన్నదానికి 185 కిలోమీటర్లు అన్నది నిజాయితీ గల లెక్క.

అంటే నా నూరు కిలోమీటర్లకు చిన్న బ్యాటరీ సరిపోతుంది. ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగం మాత్రమే చూసుకుంటే లక్ష రూపాయలు అదనంగా పెట్టనవసరం లేదు. అయినా పెట్టినందుకు ఇప్పుడు మూడు కారణాలు చెప్పగలను. మొదటిది హైదరాబాదు, దాని గురించి కింద చెబుతాను. రెండవది బ్యాటరీ ఆయుష్షు. ఏడాదికి 24 వేల కిలోమీటర్లంటే చిన్న బ్యాటరీ దాదాపు 130 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయినట్టు, పెద్దది 92 సార్లే. ఎన్నిసార్లు నిండి ఖాళీ అయితే అంత అరుగుతుంది కనుక, ఎక్కువ తిరిగేవారికి పెద్ద బ్యాటరీ నిదానంగా పాతబడుతుంది. వారంటీ 8 ఏళ్లు లేదా 1 లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నా తిరుగుడుకు ఆరేడేళ్లలోనే కిలోమీటర్లు పూర్తవుతాయి. ఆ తరువాత కూడా బ్యాటరీలో జవ మిగిలి ఉండాలంటే ఇప్పుడు తక్కువ అరగాలి.

మూడవ కారణం మాకు కొన్నాక తెలిసింది. మే నెలలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చి, మా వీధిలో వేపచెట్టు తీగల మీద పడి, వరుసగా రెండు రాత్రులు కరెంటు లేదు. బడికి సెలవులే అయినా, మరునాడు మా అత్తమ్మను కంటి పరీక్షకు తీసుకుపోవలసి ఉంది, ఆ మరునాడు ములుగులో శిక్షణ తరగతికి నేను పోవాలి. బండిలో 70 శాతం ఉన్నది. చార్జింగు పెట్టకుండానే రెండు పనులూ జరిగిపోయాయి. చిన్న బ్యాటరీ అయి ఉంటే రెండవ నాటి ఉదయం ఎక్కడో ఒక చార్జింగు స్టేషను ముందు నిలబడవలసి వచ్చేది. ఎండాకాలం గాలివానలు మనకు కొత్త కాదు. ఒక రోజు ప్రయాణానికి కావలసినదానికన్నా రెండింతలు ఉండేలా బ్యాటరీ ఎంచుకోవాలన్నది ఆ రోజు నుంచి నేను అందరికీ చెబుతున్న కొలత. రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగేవారికి ఈ కొలత ప్రకారం చిన్న బ్యాటరీయే ధారాళంగా సరిపోతుంది. వారు ఆ లక్ష రూపాయలు మిగుల్చుకోవచ్చు.

పెద్ద బ్యాటరీతో పాటు మరికొన్ని వస్తాయి. మోటారు శక్తి 82 పీఎస్ (హార్స్‌పవర్ వంటి కొలత) నుంచి 122 పీఎస్‌కు పెరుగుతుంది. వెనుక చక్రాలకు డిస్క్ బ్రేకులు, మీటతో వేసే పార్కింగ్ బ్రేకు, ఆగినచోట కాలు తీసినా బండిని పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటాయి. గూడెప్పాడు దాటాక లారీల వెనుక చిక్కుకున్నప్పుడు దాటిపోవడానికి ఆ అదనపు బలం నిజంగా పనికివస్తుంది. చిన్న బ్యాటరీ బండి కూడా నడిపి చూశాను. ఊరిలో ఏ లోటూ కనిపించలేదు, రెండు వరుసల హైవే మీద మాత్రం తేడా తెలిసింది.

చార్జర్ విషయంలోనే అన్నిటికన్నా ఎక్కువ అయోమయం ఉన్నదని నేను గమనించాను. గోడకు బిగించే పెట్టెనే చార్జర్ అనుకుంటారు. అది కరెంటును భద్రంగా అందించే ఏర్పాటు మాత్రమే. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే అసలు చార్జర్ బండి లోపలే ఉంటుంది. 3.3 కిలోవాట్లదా, 7.2 కిలోవాట్లదా అన్నది బండి కొనేటప్పుడే తేలిపోవాలి. బయట 7 కిలోవాట్ల ఏసీ పాయింటు దగ్గర బండి నిలిపినా, లోపల ఉన్నది 3.3 అయితే ఆ 3.3 వేగంతోనే ఎక్కుతుంది. రహదారుల మీద ఉండే డీసీ ఫాస్ట్ చార్జర్లు మాత్రం బండి లోపలి చార్జర్‌ను దాటి నేరుగా బ్యాటరీకి కరెంటు పంపుతాయి కాబట్టి, వాటికీ ఈ ఆప్షన్‌కూ సంబంధం లేదు. ప్రయాణాలు ఎక్కువగా చేస్తాము కాబట్టి 7.2 తీసుకోవాలి అని మా వారు మొదట పట్టుబట్టింది ఈ తేడా తెలియకనే.

కంపెనీ లెక్క ప్రకారం పెద్ద బ్యాటరీ 10 నుంచి 100 శాతం ఎక్కడానికి 3.3 కిలోవాట్లతో పదమూడున్నర గంటలు, 7.2తో ఐదు గంటలు పడుతుంది. పదమూడున్నర అనగానే గుండె జారుతుంది. కానీ రోజూ పది శాతానికి ఎవరు తెచ్చుకుంటారు? నా నూరు కిలోమీటర్లకు బ్యాటరీలో ఖర్చయ్యేది 13, 14 యూనిట్లు. మధ్యలో పోయే నష్టంతో కలిపి మీటరు మీద 15 యూనిట్లు. 3.3 కిలోవాట్ల వేగంతో అది ఐదు గంటల పని. సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరి, మరునాడు ఉదయం ఏడుమ్ముప్పావుకు బయలుదేరే మనిషికి పద్నాలుగు గంటల వ్యవధి ఉంది. బండి కొంచెం చల్లబడనిచ్చి, భోజనాలయ్యాక రాత్రి పది గంటలకు పెడితే తెల్లవారుజాము మూడింటికి నిండిపోతుంది. ఏడాదిలో ఒక్కసారి కూడా వేగపు చార్జర్ ఉంటే బాగుండునని అనిపించలేదు. పగటిపూట ఇంటికి వచ్చి మళ్లీ దూరం పోయేవారికీ, రెండు ఆసుపత్రుల మధ్య తిరిగే వైద్యులకూ, బండిని కిరాయికి తిప్పేవారికీ 7.2 అవసరం. తరువాత వేయించుకునే వీలులేనిది కాబట్టి అటువంటివారు ఆ 50 వేలకు వెనుకాడకూడదు.

వేగపు చార్జర్ సింగిల్ ఫేజ్ మీద 30 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మన ఇళ్లలో చాలావాటికి మంజూరైన లోడు అంత ఉండదు. మాదీ అంతే. అంటే 50 వేలతో ఖర్చు ఆగదు, లోడు పెంచుకోవడానికి దరఖాస్తు, సర్వీసు వైరు, లోపల లావు వైరింగు, తగిన ఎంసీబీ ఇవన్నీ ఉంటాయి. 3.3 కిలోవాట్లకు గీజరు పెట్టుకునే 16 ఆంపియర్ల సాకెట్ చాలు. అయితే గీజరు పావుగంట నడిచి ఆగుతుంది, బండి ఐదు గంటలు ఆగకుండా లాగుతుంది. అందుకని మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ వేయించుకున్నాము. పాత సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ వైరు లాగి బండికి పెట్టేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ప్లగ్గు కరిగి మంటలు అంటుకోవచ్చు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఎర్తింగు. మా ఎలక్ట్రీషియన్ మీటరు తెచ్చి సాకెట్‌లో ముళ్లు గుచ్చి చూపించాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 228 వోల్టులు, బాగానే ఉంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య పెడితే 17 వోల్టులు చూపించింది. “ఎర్త్ ఇట్లుంటే బండి కరెంటు తీసుకోదు మేడమ్. ముందుగాల గుంత తవ్వియ్యాలె, బండి తర్వాత తీస్కోండ్రి” అన్నాడు. ఆ మాట పట్టుకుని పెరటిలో మనిషి లోతుకు మించి గుంత తీయించి, ఎనిమిదడుగుల జీఐ పైపు నిలబెట్టి, దాని చుట్టూ బొగ్గూ ఉప్పూ వరుసలుగా పోసి, నీళ్లతో తడిపి, పైన ఇటుకలతో చిన్న గూడు కట్టించాము. మళ్లీ మీటరు పెడితే రెండు వోల్టులు. అయిన ఖర్చు బండి ధరలో ఒక శాతం కూడా కాదు. ఏప్రిల్ నెలలో ఒకసారి బండి చార్జింగు తీసుకోకుండా ఎర్రదీపం చూపిస్తే, నేల ఎండిపోయిందేమోనని ఆ గూటిలో రెండు బకెట్ల నీళ్లు పోసి గంట ఆగాను. మళ్లీ పెట్టగానే తీసుకున్నది. అప్పటి నుంచి ఎండాకాలమంతా వారానికొకసారి తులసికోటకు నీళ్లు పోసిన చేత్తోనే దానికీ పోస్తున్నాను.

కరెంటు ఖర్చు. చాలామంది యూనిట్ ఐదు రూపాయలు అని లెక్క వేసి మురిసిపోతారు. అది సరికాదు. నెలకు 200 యూనిట్లు దాటిన ఇళ్లకు మన దగ్గర మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసలు, 201 నుంచి 300 వరకు 7 రూపాయల 70 పైసలు, 400 వరకు 9 రూపాయలు, ఆపైన 800 వరకు 9 రూపాయల 50 పైసలు. ఇంటి వాడకం ముందే కింది మెట్లను నింపేస్తుంది కాబట్టి బండి కరెంటు ఎక్కువగా పై మెట్లలో పడుతుంది. మా ఇంటి వాడకం 250 యూనిట్లు. బండి బడి నెలల్లో 2,500 కిలోమీటర్లు తిరిగితే మీటరు మీద 370 యూనిట్లు. మొత్తం 620 యూనిట్లకు కరెంటు చార్జీ 4,780 రూపాయలు, బండి లేకపోతే 1,405. అంటే బండి వంతు 3,375 రూపాయలు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారయితే, లీటరు 107 రూపాయల లెక్కన, అదే దూరానికి 16,700 అవుతుంది. నెలకు 13 వేల పైచిలుకు మిగులు. చిన్న బ్యాటరీ కన్నా అదనంగా పెట్టిన లక్ష ఎనిమిది నెలల్లో తిరిగి వచ్చినట్టే. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగేవారు ఈ లెక్కనే తమ అంకెలతో వేసి చూసుకోవాలి. వారికి మిగులు నెలకు రెండు మూడు వేలే ఉంటుంది, కాబట్టి ఖరీదైన ఆప్షన్ల వైపు చూడకపోవడం మంచిది.

ఈ లెక్కే మమ్మల్ని బ్యాటరీ అద్దె పద్ధతి నుంచి కాపాడింది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఎంజీ విండ్సర్‌ను మేము చాలా ఇష్టంగా చూశాము. లోపల విశాలంగా ఉంటుంది, వెనుక సీటు వెనక్కి వాలుతుంది, మా అత్తమ్మ మోకాళ్లకు అదే హాయి. అప్పట్లో బ్యాటరీతో కలిపి కొంటే 13 లక్షల 50 వేల నుంచి మొదలు, బ్యాటరీ అద్దెకు తీసుకుంటే బండి 9 లక్షల 99 వేలకే, పైన కిలోమీటరుకు 3 రూపాయల 50 పైసలు. తక్కువ తిరిగేవారికి ఇది ఆలోచించదగినదే. 2,500 కిలోమీటర్లు తిరిగే నాకు మాత్రం నెలకు 8,750 రూపాయలు అద్దె అవుతుంది, కరెంటు ఖర్చు వేరు. పెట్రోలు మీద మిగిలే 13 వేలలో మూడింట రెండు వంతులు అక్కడే పోతాయి. అద్దె పద్ధతి చూసేవారు మొదట తమ నెలవారీ కిలోమీటర్లను కాగితం మీద రాసుకోవాలి. బండి ధర తగ్గిందన్న సంతోషంలో ఆ ఒక్క గుణకారం మరచిపోకూడదు.

వేరియంట్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మేము తీసుకున్న అడ్వెంచర్‌లో, పెట్టిన వేగాన్ని బండే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్, ఏడు అంగుళాల తెర, మలుపు తిరిగేటప్పుడు వెలిగే ఫాగ్ దీపాలు ఉన్నాయి. శీతాకాలం ఉదయాల్లో మల్లంపల్లి దాకా మంచు కమ్మి ఉన్నప్పుడు ఆ దీపాలు ఎంతో ఉపయోగపడ్డాయి. ఎంపవర్డ్ ప్లస్‌లో నాకు నిజంగా ఆశ కలిగించినవి గాలి ఆడే ముందు సీట్లు, నాలుగు దిక్కులూ చూపించే కెమెరా. మే నెలలో 44 డిగ్రీల ఎండకు నిలిచిన బండిలో కూర్చుంటే వీపు తడిసి ముద్దవుతుంది, అప్పుడు ఆ సీట్లు గుర్తుకు వస్తాయి. వాటి కోసం లక్షన్నర పెట్టడం మాత్రం ఇప్పటికీ నాకు సమ్మతం కాదు. బడి ఆవరణలో వేపచెట్టు కింద నిలపడం, అద్దానికి లోపలి నుంచి తెర పెట్టడం, చార్జింగు తీయకముందే ఏసీ వేసి ఇంటి కరెంటుతోనే బండిని చల్లబరచుకోవడం, ఈ మూడింటితో నెట్టుకొస్తున్నాము. సన్‌రూఫ్ మన ఎండలకు 50 వేలు పెట్టి నెత్తిమీద తెచ్చుకునే వేడి. పిల్లలు అడిగినా వద్దన్నాము.

ఇక హైదరాబాదు. హనుమకొండ నుంచి ఉప్పల్ దాకా దాదాపు 140 కిలోమీటర్లు. 90 వేగంతో పోతే పెద్ద బ్యాటరీతో చేరేసరికి 40 శాతం మిగులుతున్నది, తిరిగి రావడానికి అది చాలదు. బంధువుల ఇంట్లో రాత్రి ఉంటే వారి 16 ఆంపియర్ల సాకెట్ చాలు. ఒక్క రోజులో తిరిగి రావాలంటే మాత్రం దారిలో డీసీ చార్జరు దగ్గర ఆగక తప్పదు. 50 కిలోవాట్ల చార్జరు మీద 10 నుంచి 80 శాతానికి 56 నిమిషాలని కంపెనీ చెబుతుంది, మాకు 30 నుంచి 80కి ముప్పావు గంట దాకా పట్టింది. యూనిట్‌కు 20 రూపాయలకు అటూ ఇటూ. ఇంటి కరెంటుకు ఇది రెండింతలు కనుక, రోజూ బయట చార్జింగు మీద ఆధారపడే ఉద్దేశంతో ఎవరూ ఈ బండి కొనకూడదు. అపార్ట్‌మెంటులో ఉంటూ కింద సాకెట్‌కు సంఘం ఒప్పుకోనివారు, ముందు ఆ ఒప్పందం రాతపూర్వకంగా తీసుకున్నాకే బుకింగ్ చేయాలి.

ఒకసారి తిరుగు ప్రయాణంలో భువనగిరి దాటాక ఒక చార్జింగు స్టేషన్‌లో ఆగితే, యాప్‌లో ఖాళీగా ఉన్నట్టు చూపిన చార్జింగు గన్ (బండికి తగిలించే పిడి) పనిచేయలేదు. రెండవ గన్‌కు అప్పటికే ఒకరు బండి తగిలించి టీ తాగడానికి పోయారు. అప్పుడు బండిలో 26 శాతం ఉన్నది. ఏసీ తగ్గించి, వేగం 60కి దించి, జనగామ దగ్గర మరొక స్టేషను చేరేసరికి 11 శాతం. వెనుక కూర్చున్న అత్తమ్మ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి 40 శాతం ఉండగానే మొదటి స్టేషన్‌లో ఆగుతున్నాము, రెండవదాని పేరు కూడా ముందే చూసి పెట్టుకుంటున్నాము. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పోయేటప్పుడు ఇంట్లో నూరు శాతం నింపుకునే బయలుదేరుతాము. అడవి దారిలో స్టేషను దొరుకుతుందని నమ్ముకుని పోవడం నా దృష్టిలో తెలివి తక్కువ పని. ఇందులో ఉన్నది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ కాబట్టి నూరు శాతం నింపడానికి భయపడవలసిన పని కూడా లేదు. పైగా అప్పుడప్పుడు పూర్తిగా నింపితేనే మిగిలిన శాతాన్ని బండి సరిగ్గా లెక్క కట్టగలుగుతుంది.

వాన గురించి అందరూ అడుగుతారు. బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉంది. అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరకూడదన్న ప్రమాణం. అది బ్యాటరీ పెట్టె గురించి మాత్రమే, సీట్ల గురించీ మిగతా వైరింగు గురించీ కాదు. 2020లోనూ 2023లోనూ నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లం కనుక, బీమాలో ఆదా చేయకుండా జీరో డిప్రిసియేషన్ (పాతబడిన భాగాలకు తరుగు తీయని బీమా), బ్యాటరీ రక్షణ రెండూ తీసుకున్నాము. థర్డ్ పార్టీ ప్రీమియంలో విద్యుత్ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది. కొటేషన్‌లో అది కనబడుతున్నదో లేదో చూసుకోవాలి. బండి అడుగున కోటింగులు, బయటి హారన్లు, అదనపు దీపాలు ఏవీ వేయించలేదు. వైరింగును కోసి అతికితే వారంటీకి ఇబ్బంది, అడుగున ఉన్నది బ్యాటరీ.

రాష్ట్రంలో 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. ఇది 2026 డిసెంబరు 31 వరకు అమలులో ఉంటుంది. మేము కొన్నప్పుడు 10 నుంచి 20 లక్షల మధ్య ధర ఉన్న పెట్రోలు కారుకు 17 శాతం జీవితకాల పన్ను పడేది కాబట్టి, 13 లక్షల బండి మీద ఇది 2 లక్షల 21 వేల ఆదా. మా నవంబరు నెల తర్జనభర్జనల్లో బాగా కలిసివచ్చింది ఇదొక్కటే. అయితే రుణం వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్ను రాయితీ ఇప్పటికీ ఉన్నదనుకుని లెక్క వేసుకోవద్దు. అది 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే వర్తిస్తుంది.

మొన్న దసరాకు మా చిన్నమ్మ కొడుకు వచ్చాడు. పరకాలలో మందుల దుకాణం నడుపుతాడు, వారానికి రెండుసార్లు సరుకు కోసం వరంగల్ వస్తాడు, మిగతా రోజుల్లో ఊరిలోనే. “అక్కా, నేను గూడ నీ లెక్కనే పెద్ద బ్యాటరీ తీసుకుంట” అన్నాడు. రానూ పోనూ 80 కిలోమీటర్లు, అదీ వారానికి రెండుసార్లే. చిన్న బ్యాటరీ చాలునని నోటు పుస్తకం ముందు పెట్టుకుని లెక్క చూపించాను. వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు ఇరుకుగా కూర్చోవలసి వస్తుంది కాబట్టి తల్లిదండ్రులనూ భార్యనూ ఒకసారి కూర్చోబెట్టి చూడమన్నాను. బుకింగ్‌కు పోయే ముందు ఎలక్ట్రీషియన్‌ను ఇంటికి పిలిపించి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నాయో చూపించుకోమన్నాను. మూడు రోజుల తరువాత ఫోను చేశాడు. 23 ఉన్నాయట. గుంత తవ్వడానికి మనుషులను మాట్లాడుకున్నాడు, ఉప్పూ బొగ్గూ ఎన్ని కిలోలు తేవాలో అడిగి రాసుకున్నాడు.